పచ్చదీపం వెలగనప్పుడు

ఆగు: విమానం దిగబోతూ చక్రాల మీట కిందికి దించారు. చక్రాలు సరిగ్గా దిగాయని చెప్పే మూడు పచ్చదీపాలు వెలగాలి, రెండే వెలిగాయి. అప్పుడు పైలట్ చేయాల్సింది దిగడం మానుకుని మళ్లీ పైకి పోవడం, ఎవరికీ అడ్డం లేని చోట చక్కర్లు కొడుతూ నింపాదిగా ఆలోచించడం. గాల్లో ఉన్నంతసేపు విమానానికి చక్రంతో పనేముంది? నేలను తాకేటప్పుడే దాని అవసరం. చక్రం మొరాయించిందని తెలిసేటప్పటికి కీడేమీ జరిగి ఉండదు. జరగాలంటే మనం దిగాలి. ఇంజను అంటుకున్నా, క్యాబిన్‌లో పొగ నిండినా ఇంత వెసులుబాటు ఉండదు. ఉన్నదాన్ని కాలదన్నుకోవడం ఎందుకు?

దిగు: వెసులుబాటు ఉంది, కాదనను. కానీ ట్యాంకులో ఇంధనం ఉన్నంతవరకే. బస్సయితే రోడ్డు పక్కన పెట్టి కిందికి తొంగి చూడొచ్చు. ఆకాశంలో "ఆగు" అనే మాటకు అర్థం లేదండీ. అక్కడ ఆగడమంటే గంటకు నాలుగైదు వందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉండటం. పైగా చక్రాలూ ఫ్లాప్‌లూ కిందికి వేలాడుతుంటే గాలి అడ్డు పెరిగి ఇంధనం మామూలు కంటే తొందరగా ఖర్చవుతుంది. నింపాదిగా ఆలోచిస్తూనే పోర్ట్‌లాండ్‌లో పదిమందిని పోగొట్టుకున్నారు.

ఆగు: పోర్ట్‌లాండ్ తీస్తారని తెలుసు. కానివ్వండి, ముందు అదే చెప్పండి.

దిగు: 1978 డిసెంబర్ 28. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173. డీసీ-8 విమానం, న్యూయార్క్ నుంచి డెన్వర్ మీదుగా ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కు. లోపల 189 మంది. చక్రాలు దించగానే కింద దడేలుమని చప్పుడు. విమానం ఓ పక్కకు మళ్లింది. కుడి చక్రం దీపం వెలగలేదు. అసలు జరిగిందేమిటంటే, ఆ చక్రాన్ని పట్టి ఉంచే పిస్టన్ కడ్డీ కొస తుప్పు పట్టి ఊడిపోయింది. నెమ్మదిగా దిగాల్సిన చక్రం తన బరువుకు తానే జారిపడింది. ఆ అదురుకు, దీపాన్ని వెలిగించే చిన్న స్విచ్చి పాడైంది. అంతే. చక్రం దిగే ఉంది. ఫ్లయిట్ ఇంజనీరు క్యాబిన్‌లోకి వెళ్లి, రెక్క మీద కనిపించాల్సిన గుర్తును చూసి వచ్చి, దిగినట్టే ఉందని చెప్పాడు కూడా. అయినా దాదాపు గంటసేపు తిరిగారు. ఇంకో పదిహేను నిమిషాలంటే ఇంధనం బాగా అడుగంటుతుందని ఆ ఇంజనీరే అన్నాడు. చివరికి ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. విమానాశ్రయానికి ఆరు మైళ్ల అవతల, ఇళ్ల మధ్య, చెట్లను విరుచుకుంటూ పడింది. చనిపోయిన పదిమందిలో ఆ ఇంజనీరూ ఉన్నాడు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారు.

ఆగు: సామెత కటువుగా ఉంది. తుప్పు సంగతీ, స్విచ్చి సంగతీ విచారణ అయ్యాక కాగితం మీద చదివి తెలుసుకున్నాం మనం. కెప్టెన్‌కు తెలిసింది ఒక చప్పుడు, ఒక ఊపు, ఆరిపోయి ఉన్న ఒక దీపం. "దిగినట్టే ఉంది" అన్న మాట మీద 189 మందిని నేల మీద పెట్టమంటారా? ఒకవైపు చక్రం నేల తాకగానే ముడుచుకుపోతే రెక్క ఒరుగుతుంది, ఇంజను నేలను గీరుతుంది, మంట లేస్తుంది. అలాంటప్పుడు తలుపులు ఎవరు తెరవాలి, పసిపిల్లలను ఎవరు పట్టుకోవాలి, తల ఎలా వంచుకోవాలి, అన్నీ ముందే చెప్పి ఉంచాలి. అతను ఆ పని చేయిస్తున్నాడు. బద్ధకంతో తిరగలేదు.

దిగు: బద్ధకమని నేనూ అనలేదు. మంచి పనే చేస్తున్నాడు. నాకు భయం వేసేదీ అక్కడే. అజాగ్రత్తపరుడైతే ఆ గంట తిరిగేవాడు కాదు. జాగ్రత్తపరుడు కాబట్టి తిరిగాడు. ఇంకో విచిత్రం చెప్పనా? కూలాక మంటలు లేవలేదు. మండటానికి లోపల ఏమీ మిగల్లేదు. 179 మంది బతకడానికి అదొక కారణం.

ఆగు: నా వాదం అయితే ఇది: పోర్ట్‌లాండ్‌లో చంపింది ఆగడం కాదు, ఆగుతూ ఇంధనం ముల్లు చూడకపోవడం. చూసినవాళ్లు ఉన్నారు, గట్టిగా చెప్పలేకపోయారు. కెప్టెన్ మాటకు అడ్డు చెప్పడం ఆ రోజుల్లో కాక్‌పిట్ మర్యాద కాదు. మన ఇళ్లలో తాతగారు తప్పు దారిలో బండి తోలుతుంటే వెనక కూర్చున్నవాళ్లు "అది కాదేమో" అని గొణుక్కుంటారే, అలాంటి గొణుగుడే రికార్డయింది. దాని తర్వాతే కదా యునైటెడ్ సంస్థ 1981లో సిబ్బంది శిక్షణ మొదలుపెట్టింది, క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నేర్పేది. ఒకరు లోపం చూడాలి, ఒకరు విమానం నడపాలి, కింది ఉద్యోగి తగ్గుతున్న అంకెను గట్టిగా చెప్పాలి, పైవాడు వినాలి. తిరగొద్దని ఆ పాఠంలో ఎక్కడా లేదు.

దిగు: పాఠం మంచిదే. కానీ ఆ పాఠం అవసరమని పోర్ట్‌లాండ్‌కు ఆరేళ్ల ముందే తెలిసి ఉండాల్సింది. 1972 డిసెంబర్ 29, ఈస్టర్న్ 401, న్యూయార్క్ నుంచి మయామీకి. అప్పటికి సరికొత్తదైన ట్రైస్టార్ విమానం. ముందు చక్రం దీపం వెలగలేదు. రెండు వేల అడుగుల ఎత్తుకు పోయి, ఆటోపైలట్‌కు అప్పగించి, అందరూ ఆ దీపం మీద పడ్డారు. దాని బుడ్డిని ఊడదీశారు, మళ్లీ పెట్టబోతే ఇరుక్కుపోయింది. ఒకరు కాక్‌పిట్ కింది గదిలోకి దిగి చక్రం కనబడుతుందేమోనని చూస్తున్నారు. ఈలోగా స్టీరింగు కాండానికి ఎవరి చెయ్యో తగిలింది. ఎత్తు నిలబెట్టే పట్టు జారింది. విమానం ఎవరికీ తెలియకుండా, కుదుపు లేకుండా కిందికి జారుతోంది. ఎత్తు తగ్గుతోందని ఒక గంట మోగింది, ఎవరూ పట్టించుకోలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల చీకట్లో పడిపోయింది. 176 మందిలో 101 మంది పోయారు. చక్రం? దిగే ఉంది. పాడైంది బల్బు.

ఆగు: అక్కడా తిరగడం తప్పు కాదు. విమానాన్ని నడపడానికి ఒక మనిషిని కేటాయించకపోవడం తప్పు.

దిగు: ప్రతిసారీ "అది కాదు తప్పు, ఇది" అంటున్నారు. మనిషి మనసు ఎలాంటిదో చూడండి. వెలగని దీపం ఒకటి కళ్లెదుట ఉంటే, అది దురదలాంటిది. గోకవద్దని చెబితే మానతామా? ఇంకొంచెం సమయం ఇచ్చామంటే ఇంకొంచెం గోకడానికి ఇచ్చినట్టే. ఈ రెండు విమానాల్లోనూ చక్రాలు సరిగానే ఉన్నాయి. మనుషుల్ని చంపింది చక్రం కోసం వెతుకులాట.

ఆగు: ఆ రెండూ పేరు మోసిన కథలు, అందుకే నోటికి వస్తాయి. ఆగి బాగుపడ్డవాళ్ల సంగతి చూద్దాం. 2005 సెప్టెంబర్ 21, జెట్‌బ్లూ 292. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నుంచి న్యూయార్క్ బయల్దేరిన ఎయిర్‌బస్ ఏ320. ముందు చక్రం లోపలికి పోలేదు. లాంగ్‌బీచ్ టవర్ మీదుగా తక్కువ ఎత్తులో పోనిచ్చి కిందివాళ్లను చూడమన్నారు. చక్రం తొంభై డిగ్రీలు తిరిగి అడ్డంగా నిలబడి ఉంది. ఆ విమానంలో ఇంధనాన్ని గాల్లో పారబోసే ఏర్పాటు లేదు, కాబట్టి సుమారు మూడు గంటలు తిరుగుతూ ఖర్చుచేశారు. బరువు తగ్గితే దిగే వేగం తగ్గుతుంది, ముక్కు మీద భారం తగ్గుతుంది, అంటుకుంటే కాలేదీ తక్కువ. ముందు సీట్లవాళ్లను వెనక్కి పంపారు. లాస్ ఏంజిలెస్‌లో పొడవైన రన్‌వే, రెండు వైపులా ఫైరింజన్లు. వెనక చక్రాల మీద దిగి, ముక్కును ఎత్తి పట్టుకోగలిగినంతసేపు పట్టుకుని, ఆపైన మెల్లగా దించారు. టైర్లు చిరిగిపోయి రిమ్ములు రాపిడికి నిప్పులు చిమ్మాయి. విమానం రన్‌వే నడిగీత మీదే ఆగింది. 146 మందిలో ఒక్కరికీ గీత పడలేదు. తమ విమానం గురించిన వార్తలను తామే సీటు ముందు టీవీల్లో చూసుకున్నారట, పాపం.

దిగు: ఆ పైలట్లకు నేనూ దణ్ణం పెడతాను. కానీ ఒక తేడా గమనించారా? టవర్ వాళ్లు చూసి చెప్పాక అక్కడ వెతకడానికి ఏమీ లేదు. ఆ మూడు గంటలూ ఒక లెక్క ప్రకారం ఒక పనికి ఖర్చయ్యాయి. ఇంధనం తగ్గడమే ఆ పని, కాబట్టి ముల్లు మీదే చూపు. పోర్ట్‌లాండ్‌లో గంట దేనికి ఖర్చయింది? నమ్మకం కోసం. "ఇప్పుడు ఖాయం" అనిపించడం కోసం. అలాంటి పనికి అంతుండదు.

ఆగు: ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ వెతుకులాటంతా నమ్మకం కోసమే అనకండి. చక్రం దించడానికి రెండో దారి ఉంటుంది, దాన్ని వాడటానికి కొంత సమయం కావాలి. చక్రాలను ముడిచి పట్టుకుని ఉండేవి కొక్కేలు. హైడ్రాలిక్ ఒత్తిడి లేకపోయినా ఆ కొక్కెం విప్పితే చక్రం బరువుకు కిందికి జారుతుంది. ముందు చక్రం ముందుకు ముడుచుకునే రకమైతే ఎదురుగాలే దాన్ని వెనక్కి తోసి తాళం పడేలా సాయం చేస్తుంది. బోయింగ్ 737లో కో-పైలట్ సీటు వెనక నేలలో ఒక మూత ఉంటుంది, తెరిస్తే మూడు పిడులు, ఒక్కో చక్రానికి ఒకటి. ఏ320లో ఒక మరతిప్పు, మూడు చుట్లు తిప్పాలి. బావిలో చేద వదిలినంత మోటు పద్ధతి, అయినా ఎన్ని విమానాలను కాపాడిందో! చెక్‌లిస్ట్ తీసి, వరుస తప్పకుండా చదివి, ఒక్కో పనీ చేసి, ఫలితం చూడాలి. హడావుడిలో వరుస తప్పితే దొరికే చక్రం కూడా దొరకదు.

దిగు: మరి ఆ రెండో దారీ పనిచేయకపోతే?

ఆగు: చక్రాలు లేకుండానే దిగాలి. 2011 నవంబర్ 1న వార్సాలో జరిగింది అదే.

దిగు: నేనే చెబుదామనుకున్నాను, ఎందుకంటే అది మీ కంటే నాకే ఎక్కువ పనికొస్తుంది. పోలండ్ వారి లాట్ 16, బోయింగ్ 767, అమెరికాలోని నెవార్క్ నుంచి బయల్దేరిన కాసేపటికే హైడ్రాలిక్ వ్యవస్థల్లో ఒకటి పోయింది. అట్లాంటిక్ దాటి వార్సా చేరారు. అక్కడ మామూలు పద్ధతిలో చక్రాలు దిగలేదు, ఎలాగూ దిగవని తెలుసు. విద్యుత్తుతో కొక్కేలు విప్పే రెండో పద్ధతీ పనిచేయలేదు. గంటకు పైగా తిరిగారు. కంపెనీ ఇంజనీర్లు కింది నుంచి సలహాలిచ్చారు. వైమానిక దళం వాళ్లు ఎఫ్-16లు పంపి కిందినుంచి చూశారు. చివరికి కెప్టెన్ తదేయుష్ వ్రోనా విమానాన్ని పొట్ట మీద దించారు. 231 మందికీ ఏమీ కాలేదు. విమానాన్ని క్రేన్లతో పైకెత్తాక తెలిసిందేమిటి? కో-పైలట్ పక్కన, నేలకు దగ్గరగా ఉన్న ఒక సర్క్యూట్ బ్రేకర్ బొత్తం బయటికి వచ్చి ఉంది. దాన్ని లోపలికి నొక్కితే చక్రాలు బుద్ధిగా దిగాయి. గంటసేపు ఇంతమంది ఆలోచించినా చేతికందే దూరంలో ఉన్న బొత్తం కనబడలేదు. సమయం ఉన్నంత మాత్రాన తెలివి పుడుతుందా?

ఆగు: పుట్టలేదు, సరే. కానీ ఆ గంటలో జరిగినవి లెక్కపెట్టండి. రన్‌వే ఖాళీ చేశారు, నురుగు చల్లారు, ఫైరింజన్లు, అంబులెన్సులు బారులు తీరాయి, ప్రయాణికులకు తల వంచుకోవడం నేర్పారు, ఇంధనం తగ్గింది. బొత్తం దొరకలేదు గానీ నేల సిద్ధమైంది. ఆ సిద్ధం లేకుండా దిగి ఉంటే 231 మంది నడిచి బయటికి వచ్చేవారా?

దిగు: వచ్చేవారో లేదో ఇద్దరమూ ప్రమాణం చేయలేం. బొత్తం కనబడి ఉంటే నేలను సిద్ధం చేయాల్సిన పనే లేదన్నది మాత్రం ఖాయం.

ఆగు: అది మీ వాదానికి కూడా దెబ్బే. ఇంకాస్త వెతికి ఉంటే దొరికేదేమో.

దిగు: ఊఁ. అది నిజమే. నన్ను నేనే పొడుచుకున్నాను.

ఆగు: జపాన్‌లో కోచి అని ఒక ఊరుంది, మన కేరళ కొచ్చి కాదు. 2007 మార్చి 13న అక్కడ ఒక చిన్న బొంబార్డియర్ విమానం ముందు చక్రం దిగలేదు. పైలట్ వెనక చక్రాలను ఒకసారి రన్‌వేకు తాకించి మళ్లీ లేచాడు, ఆ అదురుకైనా ముక్కు చక్రం జారుతుందేమోనని. జారలేదు. అయినా ప్రయత్నించి చూశాడు, ఆ తర్వాతే ముక్కును నేలకు ఆనించి దిగాడు. 60 మందీ క్షేమం. ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఉన్న దారులన్నీ వరుసగా మూసుకుంటూ రావడం.

దిగు: బాగుంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మొదట్లో మీరు ఏమన్నారు? చక్రం పాడైతే కీడు ఇంకా జరగనట్టే అన్నారు. ప్రతి చక్రం అలా ఊరుకోదు. 1991 జులై 11, జెద్దా. కెనడాకు చెందిన నేషనేర్ డీసీ-8, హజ్ ముగించుకుని నైజీరియా తిరిగి వెళ్తున్న యాత్రికులతో లేచింది. టైర్లలో గాలి తక్కువగా ఉంది. రన్‌వే మీద పరిగెత్తేటప్పుడే టైర్లు వేడెక్కి చిరిగి నిప్పంటుకుంది. అది తెలియక చక్రాలను లోపలికి ముడిచారు. నిప్పును ఇంట్లోకి తెచ్చుకున్నట్టయింది. పది నిమిషాలు తిరక్కముందే, రన్‌వేకు మూడు కిలోమీటర్ల లోపు దూరంలో విమానం కూలి 261 మందీ పోయారు. మీ చెక్‌లిస్ట్ అక్కడ ఏ పేజీ తెరుస్తుంది?

ఆగు: ఆ చోట నా దగ్గర జవాబు లేదు. మంట ఉందంటే నేనూ మీ పక్షమే. అంటే మొదటి ప్రశ్న "ఆగాలా, దిగాలా" కాదు, "ఇది ఏ రకం లోపం?" అన్నది. అది తెలుసుకోవడానికైనా ఒక నిమిషం ఆగాలి కదా?

దిగు: ఒక నిమిషం ఇస్తాను.

ఆగు: మీ దాతృత్వానికి కృతజ్ఞతలు. కానీ తొందర లెక్కా తేల్చాలి. 2020 మే 22, కరాచీ. పాకిస్తాన్ విమానసంస్థ పీఐఏ వారి ఏ320. ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ, నేల మీది నియంత్రణ కేంద్రం (ఏటీసీ) హెచ్చరించినా పైలట్లు సర్దుకుంటామని దూసుకొచ్చారు. చక్రాల్లో ఏ లోపమూ లేదు. ముందు దించారు, తర్వాత మళ్లీ ముడిచారు, ముడిచిన సంగతి గుర్తు లేదు. హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. ఇంజన్లు రన్‌వేను గీకాక మళ్లీ గాల్లోకి లేపారు. గీకిన ఇంజన్లు రెండూ కాసేపట్లో ఆగిపోయాయి. ఇళ్ల మీద పడింది. 99 మందిలో ఇద్దరే బతికారు. ఒక్క చక్కరు కొట్టి ఉంటే ఆ రోజు వార్తే లేదు.

దిగు: అది తొందర, నిర్ణయం కాదు. నిర్ణయించుకుని పొట్ట మీద దిగినవాడు మళ్లీ లేవడు, లేవకూడదు. అయినా మీ మాట ఒప్పుకుంటాను: నా వాదాన్ని చెడగొట్టేవాడు ఎప్పుడూ హడావుడి మనిషే.

ఆగు: నా వాదాన్ని చెడగొట్టేవాడు గడియారం చూడనివాడు. దక్షిణ కొరియాలోని మువాన్ సంగతి?

దిగు: దాన్ని వాడుకోవడం నాకిష్టం లేదు. 2024 డిసెంబర్ 29, జెజు ఎయిర్ 737. పక్షులు తగిలాయి, ఆపద సంకేతం ఇచ్చారు, నాలుగు నిమిషాల్లో చక్రాలు లేకుండా దిగారు. రన్‌వే దాటి జారిపోయి, కాంక్రీటు ఉన్న మట్టి దిబ్బను గుద్దుకుంది. 181 మందిలో 179 మంది పోయారు. వాళ్లకు ఆగే అవకాశం ఉందా లేదా అన్నది మనం ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు. నాకు తెలిసినంతలో, పొట్ట మీద జారడం దానంతటది మరణశిక్ష కాదు, వార్సా అందుకు సాక్ష్యం. జారిన దారి చివర ఏముందన్నది కూడా చూడాలి.

ఆగు: నేల సిద్ధంగా ఉండాలన్న నా మాటే అది. ఇంకొకటి, పోర్ట్‌లాండ్‌లో బతికిందీ 179 మందే. తేదీలు చూశారా? డిసెంబర్ 28, 29, 29.

దిగు: అంకెల్లో అర్థం వెతక్కండి, మనం జ్యోతిష్కులం కాదు.

ఆగు: సరే. తిరుచ్చి మాట చెప్పండి. 2024 అక్టోబర్ 11, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 షార్జాకు లేచాక హైడ్రాలిక్ లోపం. 141 మంది. రెండు గంటలకు పైగా ఊరి మీదే తిరిగింది, ఇంధనం తగ్గించుకుంది, మామూలుగా చక్రాల మీద దిగింది.  తిరిగిన ఆ రెండు గంటలనూ మీరు తప్పంటారా?

దిగు: అనను. ఎంత తిరగాలో ఒక లెక్క పెట్టుకుని తిరిగారు. నేనడిగేదీ ఆ ఒక్కటే. పైకి పోయేముందు ఒక అంకె పలకండి: ఇంధనం ఇంత మిగిలితే, దీపం వెలిగినా వెలగకపోయినా దిగిపోతాం. గట్టిగా పలకండి, కాక్‌పిట్‌లో అందరూ వినేలా. తర్వాత ఆ అంకెతో బేరమాడకండి.

ఆగు: అంకె పెట్టుకుంటాను, అభ్యంతరం లేదు. కానీ ఆ అంకె వచ్చేసరికి క్యాబిన్‌లో ఇంకా పిల్లల్ని సర్దుతూ ఉంటే? నడవలేని ముసలమ్మను తలుపు దగ్గరికి ఇంకా చేర్చకపోతే? వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చి "సార్, ఇంకో అయిదు నిమిషాలు" అని అడిగితే?

దిగు: అదే నేనూ అడుగుతున్నాను. ఇస్తారా?

ఆగు: ఇస్తాను. గడియారం చూసి ఇస్తాను.

దిగు: పోర్ట్‌లాండ్‌లో ఆయనా చూసే ఇచ్చి ఉంటాడు.